హిస్కె టోపీ కింద ఫోన్లు

హిస్కె ఫోనెత్తి "చెప్పండి" అంటే చాలు, సగం ఆవులకి అక్కడికక్కడే నయమైపోతుందని మా పశువుల ఆసుపత్రిలో ఒక మాట ఉంది. ఆ మాట పుట్టించింది హిస్కేనని నా అనుమానం. తన గొప్ప తాను చెప్పుకోవడానికి ఆవిడ ఏనాడూ మొహమాటపడలేదు. పొడుగు మనిషి, ఎర్రటి బుగ్గలు. తలుపు తీస్తే ముందు నవ్వు వస్తుంది, ఆ వెనకాల హిస్కె వస్తుంది.

మా ఊరు హార్స్‌మేర్‌లో మనుషులకన్నా ఆవులే ఎక్కువ. వాటికి ఇద్దరు డాక్టర్లు. సిబ్రెన్ యజమాని, ఏ పనికైనా ముందు "కుదరదు" అని ఆ తర్వాత ఆలోచించే రకం. రెండోవాడు వీబె. ఇద్దరు పిల్లల తండ్రయినా కోతిచేష్టలు ఇంకా వదల్లేదు. నేను నింకెని, మందుల కౌంటరు నాది. ఫోన్లు మాత్రం హిస్కెవి. సిబ్రెన్ వాళ్ళ నాన్న ఆసుపత్రి నడిపిన రోజుల నుంచీ అవి ఆమెవే.

చలి ముదిరి కాలువలు గడ్డకడితే మా వాళ్ళకి పిచ్చెక్కుతుంది. ఇందులో దాచుకునేదేమీ లేదు. బడికి సెలవిచ్చేస్తారు. పాస్టరు ప్రసంగాన్ని సగానికి కోసేస్తాడు. మోకాళ్ళ నొప్పులని నెలల తరబడి మూలిగిన ముసలాళ్ళు అటక మీంచి స్కేట్లు దించి, నడవాలో కూర్చుని సాన పెడుతుంటారు. ఇక ఐసు సంఘం వాళ్ళు గాలిమరల చుట్టు ప్రకటించారంటే చెప్పనే అక్కర్లేదు. ఊరి చుట్టూ కాలువల వెంబడి స్కేట్ల మీద సాగిపోవాలి. గాలిమర వచ్చినచోటల్లా చీటీ మీద ముద్ర వేయించుకోవాలి. పొద్దుగూకేలోగా పెద్ద వంతెన దగ్గరికి చేరాలి. చేరినవాళ్ళకి కోటు బొత్తామంత పతకం ఇస్తారు. ఆ బొత్తాం కోసం అన్నదమ్ములు కూడా మోచేతులతో కుమ్ముకుంటారు.

ఐసు ఏటా రాదు. ఈమధ్య మరీ అరుదైపోయింది. వచ్చినప్పుడల్లా ఆసుపత్రిలో ఎవరో ఒకరు ఫోన్ దగ్గర ఉండిపోవాలి. ఆ ఒకరు ప్రతిసారీ హిస్కే అయ్యేది. ఫోను తీగతో గోడకి కట్టేసి ఉండేది, ఆమె ఆ ఫోనుకి కట్టేసి ఉండేది. ఊరంతా కిటికీ ముందు నుంచే కేకలేసుకుంటూ జారిపోతుంటే ఆమె అద్దానికి ముక్కు ఆనించి చూసేది. మా ఊళ్ళో పతకం లేని ఇల్లు ఆమెదొక్కటే. ఎవరైనా ఆ సంగతెత్తితే నవ్వేసి, ఫోను తుడుస్తూ కూర్చునేది.

అందుకే ఇంటర్నెట్ ఫోన్లు పెడదామని సిబ్రెన్ చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది.

"మన పాత ఫోనుకేం తెగులొచ్చింది?" అన్నాడు సిబ్రెన్. "మోగుతోంది, మాట్లాడుతున్నాం. కుదరదు."

"అది గోడకుంది నాయనా. గోడని భుజానేసుకుని తిరగలేను కదా."

"ఎక్కడ తిరుగుతావేంటి?"

"ఎక్కడైనా," అంది హిస్కె. నాకు అర్థమైంది. సిబ్రెన్‌కి కాలేదు.

చివరికి ఫోన్లొచ్చాయి. వాటితో ఆమె చేసిన హడావుడి ఇంతా అంతా కాదు. రైతులు కూర్చునే గదిలో వైఫై వేరు, ఫోన్లు నడిచే దారి వేరు. "వాళ్ళ పిల్లలు ఆటలాడుకునే దారిలో నా ఫోన్లు నడవ్వు," అంది. పెట్టెలో వచ్చిన పాస్‌వర్డులన్నీ మొదటిరోజే మార్చిపారేసింది. దొంగలెవరైనా దూరి ఎక్కడెక్కడి దేశాలకో మాట్లాడేసుకోకుండా బయటి దేశాల దారికి తాళం వేసింది. కరెంటు పోయినా పనిచేసేలా కింద ఒక బ్యాటరీ పెట్టింది. ఆ బ్యాటరీకి ఉన్ని టోపీ కూడా అల్లింది. ఎందుకని అడిగితే "చూడ్డానికి బాగుంటుందని," అంది. మేం టేబుల్ దగ్గర ఉన్నా, పొలంలో ఉన్నా, ఆవు పక్కన మోకాళ్ళ మీద ఉన్నా, వచ్చిన ఫోను మా జేబుల్లో మోగేది. ఒకరు ఎత్తకపోతే కాసేపటికి ఇంకొకరికి వెళ్ళేది. మా దగ్గర ఇన్నేళ్ళలో ఇంత పద్ధతిగా నడిచింది ఇదొక్కటే.

ఆ ఫిబ్రవరిలో చలి గట్టిగా పట్టింది. రోజూ సాయంత్రం ఐసు సంఘం పెద్దాయన కాలువలో బెజ్జం వేసి, కర్ర దించి, ఐసు మందం చూసి, తల అడ్డంగా ఊపేవాడు. ఒక గురువారం పొద్దున నిలువుగా ఊపాడు. రేపే గాలిమరల చుట్టు. ఎల్లుండి గాలి మారుతుందట, ఐసు కరుగుతుందట, కాబట్టి రేపు కాకపోతే లేదు. ఆసుపత్రిలో వీబె కుర్చీ ఎక్కి గంతులేశాడు. సిబ్రెన్ సైతం "కుదరదు" అనడం మర్చిపోయాడు. హిస్కె మాత్రం లేచి నిలబడింది.

"ఈసారి లోపల ఎవరూ ఉండక్కర్లేదు," అంది. "ఫోన్లు మనతోపాటే వస్తాయి. నేనూ వస్తాను."

సరిచూద్దామని, పెద్ద కాలువ ఒడ్డున గొడ్లున్న గోసెకి కబురు పెట్టింది. ఒకసారి ఆసుపత్రికి ఫోన్ చెయ్యి, ఎవరెత్తుతారో చూద్దాం అని. మేమందరం ఫోన్లు పట్టుకుని కూర్చున్నాం. ఒక్కటీ మోగలేదు. కాసేపటికి గోసె తానే చెక్కబూట్లు టకటకలాడించుకుంటూ వచ్చేశాడు.

"ఏమ్మా హిస్కె, ఆవుల్ని మానేసి సూపు మొదలెట్టారా?" అన్నాడు.

"సూపేంటి?"

"ఫోన్ చేస్తే ఎవరో ఆడమనిషి 'సాసేజీ వేయమంటారా, వద్దా' అంది. వేయమన్నాను. ఎక్కడ తీసుకోవాలి?"

వీబె అప్పటికే కడుపు పట్టుకుని నేలమీద దొర్లుతున్నాడు. ఆసుపత్రికొచ్చే ఫోనుని వంతెన దగ్గర బఠాణీ సూపు గుడారానికి మళ్ళించింది వాడే. హిస్కె కూడా కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది.

"ఒరేయ్, నా పిన్ నంబరు నీకెలా తెలిసింది?"

"ఎలా తెలియడమేంటి? నీ పుట్టినరోజు. రోజూ పొద్దున్నే చూస్తున్నా కదా!"

మా దగ్గర పుట్టినరోజుల క్యాలెండరు ఎక్కడుండాలో అక్కడే ఉంది. అంటే మరుగుదొడ్డి తలుపుకి లోపలివైపు, కూర్చున్నవాళ్ళ కళ్ళకెదురుగా. ఇళ్ళల్లోనూ అక్కడే ఉంటుంది, ఇంకెక్కడ పెడతాం? మరిచిపోతే మహాపరాధం కదా. మా నలుగురి పేర్లూ, పుట్టినరోజులూ ముత్యాల్లాంటి అక్షరాలతో అందులో ఉన్నాయి. మా నలుగురి పిన్ నంబర్లూ అవే. ఊళ్ళో రైతులందరూ ఆ మరుగుదొడ్లోనే తీరిగ్గా కూర్చుంటారు.

"అందరికీ తాళాలేసి, తాళంచెవులు దొడ్లో వేలాడదీశాను!" అంటూ హిస్కె నెత్తి బాదుకుంది. "ఇన్ని పాఠాలు చెప్పి నేనూ అదే పెట్టుకున్నానా! నన్నేం చేసినా పాపం లేదు."

"నీది మార్చినెల పదహారు," అన్నాడు గోసె సాయం చేస్తున్నట్టు. "నాకూ తెలుసు."

సిబ్రెన్ ముఖం గంభీరమైంది. "ఇంత అలుసుగా ఉంటే రేపు వీటిని నమ్మేదెట్లా? దూడలేసే కాలమిది. ఎవరో ఒకరు లోపల ఉండాల్సిందే."

అందరి చూపులూ ఒకేవైపు తిరిగాయి. ఎటు తిరిగాయో చెప్పక్కర్లేదు. నా చూపూ తిరిగింది, అలవాటు అలాంటిది. హిస్కె కిటికీ వైపు చూసింది. బయట పిల్లలు కాలువ మీద కుర్చీలు నెట్టుకుంటూ జారడం నేర్చుకుంటున్నారు.

"సాయంత్రందాకా టైమివ్వు సిబ్రెన్," అంది. "అప్పటికీ నీకు నమ్మకం కుదరకపోతే నేనే కూర్చుంటాను. నోరెత్తను."

హిస్కె నోరెత్తకుండా ఉండటం అన్న మాటకే సిబ్రెన్ జడుసుకుని ఒప్పుకున్నాడు.

ఆ మధ్యాహ్నం ఆమె అన్నం తినలేదు, చక్కెర రొట్టె ముక్క నోట్లో పెట్టుకుని పని చేసింది. ఒక్కొక్కరినీ పక్కకి పిలిచి కొత్త పిన్ పెట్టించింది. పుట్టినరోజు కుదరదు, పెళ్ళిరోజు కుదరదు, ఇంటి నంబరు కుదరదు. నేను మా అమ్మమ్మ పుట్టిన ఏడాది పెట్టబోతే చేతిమీద కొట్టింది. మూడుసార్లు తప్పు నొక్కితే ఆ ఫోను తాళం పడిపోతుంది. తాళం తీయమని ఎవరైనా ఫోన్ చేస్తే, గొంతు గుర్తుపట్టినా సరే, ఒక ప్రశ్న అడగనిదే తీయకూడదు. వచ్చే ఫోన్లు ముందు సిబ్రెన్‌కి, తర్వాత వీబెకి, తర్వాత నాకు, ఎవరూ ఎత్తకపోతే చివరికి ఆమెకి. వీబెని ఒక గంటసేపు మళ్ళీ దూరడానికి ప్రయత్నించమంది. వాడు మరుగుదొడ్లోకి వెళ్ళి క్యాలెండరంతా చదివొచ్చి, చేతులెత్తేశాడు.

"సరే," అన్నాడు సిబ్రెన్. "కానీ ఒక్క ఫోను తప్పిపోయిందని తెలిసినా, ఎక్కడున్నా సరే, తిరిగొచ్చి టేబుల్ దగ్గర కూర్చోవాలి."

"కూర్చుంటాను," అంది హిస్కె. ఆ వెంటనే నన్ను పట్టుకుని కౌంటరు చుట్టూ గిరగిరా తిప్పేసింది. మందు సీసాలు రెండు పగిలాయి.

మర్నాడు ఎండ కాసింది. అలాంటి ఎండ ఐసు మీద పడితే మనసు నిలవదు. వంతెన కింద బాకాల మేళం వాయిస్తోంది, వాళ్ళ బాకాలు పెదాలకి అంటుకుపోతున్నాయని ఒకటే తిట్లు. హిస్కె నారింజరంగు ఉన్ని టోపీ పెట్టుకుంది. చెవిలో పెట్టుకునేది ఆ టోపీ కింద, ఫోను మాత్రం బనీను లోపల వంటికి ఆనించి.

"చలికి బ్యాటరీ చస్తుంది," అని మాకందరికీ చెప్పింది. "వంటికి ఆనించి పెట్టుకోండి. సిగ్గుపడకండి."

మేం సిగ్గుపడ్డాం.

మొదటి గాలిమర రాకముందే నా కోటుజేబులో ఫోను నల్లబడి చచ్చింది. వీబె తన ఫొటో తాను తీసుకోబోయి, వంతెన వారగా నీళ్ళు తేలినచోట ఫోన్ని జారవిడిచాడు. అది బుడుంగున పోయింది. వాడు ఆ చుట్టుపక్కలంతా బోర్లా పడుకుని వెతికాడు. సిబ్రెన్ సంగతి తర్వాత తెలిసింది. చేతితొడుగులు తీసి, కొంకర్లుపోయిన వేళ్ళతో, పాత అలవాటుగా తన పుట్టినరోజే మూడుసార్లు నొక్కాడు. తాళం పడింది. ఆ సంగతి మాకు చెప్పడానికి అతని దగ్గర ఫోన్ లేదు. చెప్పే ముఖమూ లేదనుకోండి.

అలా ఆసుపత్రి ఫోన్లన్నీ హిస్కె టోపీ కిందికి వచ్చి చేరాయి.

"చెప్పండి, పశువుల ఆసుపత్రి, హిస్కెని," అంటూ ఆమె చేతులు వెనక్కి కట్టుకుని సాగిపోతోంది. ఆవిరి కక్కుతూ నేను పక్కన పరుగు. ఒకరికి పొదుగు వాచింది. ఒకరి పిల్లి పొయ్యి వెనక దూరి రావట్లేదు. ఒకడైతే రెండో గాలిమర దగ్గర ఐసు గట్టిగా ఉందా అని అడిగాడు. "ఇప్పుడే దాటాను, బ్రహ్మాండంగా ఉంది, నీ ఆవుకేమైంది?" అంది. ఆవుకేం కాలేదట. ఒకచోట పగులులో స్కేటు ఇరుక్కుని ఆమె నిలువునా పడింది. పడి, చీపురుతో ఐసు ఊడ్చేవాళ్ళ కాళ్ళ సందుల్లోంచి జారుకుంటూ పోయింది.

"ఏమిటా చప్పుడు?" అందట అవతలి రైతుభార్య.

"ఏంలేదమ్మా, నేనే. ఇంతకీ మీ దూడ ఎన్నిసార్లు దగ్గింది?"

నాకు నవ్వాగక పక్కటెముకలు నొప్పెట్టాయి. గాలిమర దగ్గర సోంపు పాలు తాగుతూ ఆమె చీటీ మీద ముద్రలు చూసుకుంది. పిల్లలు బొమ్మ చూసుకున్నట్టు చూసుకుంది. "నింకె, ఇంకా రెండే!" అంది. ఆమెని నేనంత సంతోషంగా ఎప్పుడూ చూడలేదు.

అప్పుడు గోసె నుంచి ఫోనొచ్చింది. నవ్వు ఆగిపోయింది.

"కాళ్ళు ఎటొస్తున్నాయి?" అని అడిగింది హిస్కె. విన్నది. "వెనక కాళ్ళా? తోక తగులుతోందా? నువ్వేం లాగకు గోసె. డాక్టర్ని పంపిస్తున్నా."

ఎక్కణ్ణుంచి పంపిస్తుంది? వీబె ఎక్కడో బోర్లా పడుకుని ఉన్నాడు. సిబ్రెన్ ఎందుకో ఫోనెత్తట్లేదు. కానీ సిబ్రెన్ మా వెనకే ఎక్కడో ఉన్నాడని నాకు తెలుసు. గుడారం కనిపిస్తే ఆగకుండా ముందుకెళ్ళే మనిషి కాదు. గోసె గొడ్లపాక కూడా వెనకే, మూడో గాలిమర పక్కన. వెనక్కి వెళ్ళి సిబ్రెన్ని పట్టుకోవచ్చు. అలా వెళితే పొద్దుగూకేలోగా వంతెన చేరడం అయ్యేపని కాదు.

హిస్కె ఐసు మీద నిలబడిపోయింది. ఎండ పల్చబడుతోంది. ఆమె స్కేట్లు వెనక్కి తిప్పడం చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"నువ్వు పో, నేనెళ్తాను," అన్నాను.

"నీ కాళ్ళతో నువ్వెళ్ళేసరికి ఆ దూడకి పెళ్ళవుతుంది," అంది. అని, చటుక్కున తలెత్తి కాలువ వెనక్కి చూసింది. ఒకరి వెనక ఒకరు, కనుచూపు మేర, ఊరు ఊరంతా వరసగా వస్తోంది. హిస్కె నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది.

"వెనక్కి చెప్పండి! సిబ్రెన్‌ని గోసె పాకకి వెళ్ళమనండి! దూడ వెనక్కి తిరిగింది!"

ఆ గొంతు గురించి చెప్పాను కదా. మొదటివాడు ఉలిక్కిపడి, వెనక్కి తిరిగి అరిచాడు. వాడి వెనకామె ఇంకా గట్టిగా అరిచింది. "సిబ్రెన్! గోసె పాకకి!" మాట కాలువ వెంబడి మనిషి నుంచి మనిషికి దూకుతూ, మలుపు తిరిగి, రెల్లుపొదల వెనక్కి పోయింది. ఇన్ని జాగ్రత్తల ఫోన్లు పెట్టిన మనిషి చివరికి ఊరు ఊరంతా వినేలా కేకేసింది. ఆ సంగతి తర్వాత చాలా రోజులు అని ఏడిపించాం. అప్పుడు మాత్రం నాకు ఒళ్ళంతా పులకరించింది.

కాసేపటికి రెల్లుపొదల అవతలి నుంచి మాట తిరిగొచ్చింది. చిన్నపిల్ల ఒకతి గొంతు చించుకుని మాకందించింది. "గట్టు ఎక్కాడంట! స్కేట్లతోనే పరిగెత్తుతున్నాడంట!"

హిస్కె ఆ పిల్లని ఎత్తి ముద్దు పెట్టుకుని, దించి, సాగింది. కానీ మనసు మనసులో లేదు. ఇంకో రెండు ఫోన్లొచ్చాయి, ఎత్తింది, మాట్లాడింది. ఆగి మాట్లాడాల్సొచ్చింది కూడా. ఎండ కాలువ గట్టు మీదికి దిగింది. "అందుకోలేనేమోనే," అంది ఒకసారి, నా వైపు చూడకుండా.

అప్పుడు గోసె నంబరు మళ్ళీ మోగింది. ఈసారి సిబ్రెన్, అతని అరుపు నాదాకా వినిపిస్తోంది.

"దూడ బతికింది. పెయ్యదూడ. గోసె చార్జరూ, ఫోనూ అన్నీ ఇస్తానంటున్నాడు గానీ నాది తాళం పడింది. తాళం తియ్యి."

"నువ్వు సిబ్రెన్‌వే అని నమ్మకమేంటి?"

"హిస్కె! మోచేతులదాకా నెత్తురు. ఒంటికాలి మీద నిలబడ్డాను."

"అలా అందరూ అంటారు. పోయినవారం ప్రింటరులో ఏం ఒలికింది? ఎవరు ఒలికించారు?"

ఆ సంగతి వీబె మీదికి తోసేసి అతను వారం రోజులుగా హాయిగా ఉన్నాడు.

"కాఫీ," అన్నాడు చివరికి. "నేనే."

హిస్కె పడీపడీ నవ్వుతూ బనీనులోంచి ఫోను తీసి, తాళం తీసింది.

"ఇప్పుడు అందరి ఫోన్లూ నాకు మళ్ళించు," అన్నాడు సిబ్రెన్. "నీదీ."

"నీ చుట్టు సంగతి? నీకింకా ముద్రలు..."

"నాకింట్లో ఐదు పతకాలున్నాయి, ఎక్కడ పెట్టానో కూడా తెలీదు. మళ్ళించి, ఆపెయ్యి. ఆపేశావో లేదో కనుక్కుంటాను."

హిస్కె ఫోన్లు మళ్ళించింది. చెవిలోది తీసి జేబులో వేసుకుంది. టోపీని చెవుల మీంచి పైకి జరుపుకుంది.

"నింకె," అంది, "ఇది చప్పుడు చేస్తుందే. కింద. ఐసు."

చేస్తుంది మరి. లోతునుంచి సన్నగా పాడినట్టు ఉంటుంది. మాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆమె ఇన్నేళ్ళూ అద్దం వెనక నుంచి చూసి చూసి మర్చిపోయింది. కళ్ళు తుడుచుకుందో, చలికి నీళ్ళొచ్చాయో నేను అడగలేదు. తర్వాత ఆ మనిషి పోయిన పోక చూసి తీరాలి. చేతులు ఊపుతూ, నడుం వంచి, కుర్రాళ్ళని "తప్పుకోండిరా" అని అదిలిస్తూ పోయింది. నేను అందుకోలేక మధ్యలో వదిలేశాను. సూర్యుడి అంచు ఇంకా పొలం మీద ఉండగానే వంతెన కిందికి దూసుకెళ్ళి, ఆగడం చేతకాక, బాకాల మేళంలోకి నేరుగా వెళ్ళి పడిందట. పతకం అక్కడే, పెద్ద బాకా పక్కన కూర్చోబెట్టి గుండెకి పెట్టారు.

ఆ సాయంత్రం గోసె పాకలో ఏం జరిగిందో గోసే నాకు చెప్పాడు. సిబ్రెన్ గడ్డిమోపు మీద కూర్చుని, స్కేట్లు కూడా విప్పకుండా, వచ్చిన ఫోనల్లా ఎత్తాడట. మామూలుగా ఫోను మోగితే విసుక్కునే మనిషి. పక్క ఊరి ముసలామె ఒకావిడ చేసి, డాక్టరు గొంతు విని కంగారుపడి, హిస్కెకి ఒంట్లో బాగాలేదా, ఎప్పుడూ ఆవిడే కదా ఎత్తేది, ఆవిడ ఎక్కడ అని అడిగిందట.

"బాగానే ఉందండీ," అన్నాడట సిబ్రెన్. "హిస్కె ఇక్కడ లేదు. ఐసు మీద ఉంది."